గడియారం కింద నీళ్లు

జుట్లాండ్ పడమటి ఒడ్డున సముద్రపు కట్టను ఆనుకుని బతికే జనానికి ఒక పద్ధతి ఉంది. గాలి గురించి, చేపల గురించి, పక్కూరి వాళ్ల పిసినారితనం గురించి నోటికొచ్చినంత కోస్తారు గానీ, సొంత ఒంటి గురించి మాత్రం ఒక్క మాట ఎక్కువ చెప్పరు. కాలు విరిగి అడ్డం తిరిగినా "కాస్త బెణికింది" అంటారు. మరీ ప్రాణం మీదికొస్తే, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అంత బాగోలేదు" అంటారు. ఆ మాట చెవిన పడ్డవాడు చేతిలో పని అక్కడే పారేసి పరుగెత్తాల్సిందే.

ఈవర్ రౌన్ ఈ పద్ధతిలో పుట్టి, ఈ పద్ధతిలోనే డెబ్భై ఒకటో ఏడు దాకా వచ్చాడు. కట్ట తూము దగ్గర నీళ్లలో పాతిన కొలకర్ర చూసి, పొద్దున్నే ఏడు గంటలకు నీటిమట్టం ఎంతుందో కట్ట ఆఫీసుకి ఫోన్లో చెప్పడం అతని పని. ముప్పై ఎనిమిదేళ్లుగా చెబుతున్నాడు. ఆ పనికి ఆఫీసు వాళ్లు ఒక యంత్రం కూడా పెట్టారు. గాలివానలకి యంత్రం మూడుసార్లు కొట్టుకుపోయింది, ఈవర్ ఒక్కసారీ కొట్టుకుపోలేదు. అందుకని ఇద్దర్నీ ఉంచారు.

కాఫీ బల్ల దగ్గర కూర్చున్నాడంటే అతనంత కోతలరాయుడు ఆ చుట్టుపక్కల లేడు. ఒకసారి గాలి ఎంత గట్టిగా వీచిందంటే, సోమవారం పిలిచిన కుక్క శుక్రవారం వచ్చిందట. కుక్క తప్పేం లేదు, పిలిచిన పిలుపే గాలికి కొట్టుకుపోయి దాన్ని చేరేసరికి అన్నాళ్లు పట్టిందట. చలి బాగా ముదిరిన ఏడు పట్టిన, పాములా పొడుగ్గా ఉండే ఈల్ చేపకి తల వంటింట్లో ఉడుకుతుంటే తోక ఇంకా కాలవలో ఈదుతోందట. కానీ కొలకర్ర దగ్గరికి వెళితే మనిషి మారిపోయేవాడు. అక్కడ సెంటీమీటరు ఎక్కువా చెప్పడు, తక్కువా చెప్పడు.

ఆ చదవడమంతా కుడి కంటితోనే. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ బద్ధకంది. మనిషి వస్తున్నాడని చెబుతుంది గానీ వచ్చేది ఎవరో చెప్పదు. పెళ్లిచూపుల్లో బోదిల్‌ని కుడి కంటితోనే చూశాననీ, ఎడమ కంటితో చూసుంటే ఆమె చెల్లెల్ని చేసుకుని ఉండేవాణ్ణనీ నలభై నాలుగేళ్లుగా చెబుతున్నాడు. ఆమెకి చెల్లెలే లేదు.

అక్టోబరులో ఒక సోమవారం సాయంత్రం ఈవర్ కుడి కంట్లో మసి రాలింది. చిన్న చిన్న నల్ల చుక్కలు, ఎటు చూస్తే అటు ఈదుకుంటూ వచ్చాయి. చూపు అంచున మెరుపులు మెరిశాయి. ఉరుము కోసం చూశాడు. రాలేదు. భలేగా ఉందే అనుకుని, ఖర్చు లేని బాణాసంచా చూస్తూ చూస్తూ నిద్రపోయాడు.

మంగళవారం పొద్దున తూము దగ్గరికి వెళితే కొలకర్ర అడుగు కనబడలేదు. నీళ్లు బాగా ఎక్కాయనుకున్నాడు. తల పైకెత్తాడు, నీళ్లూ పైకొచ్చాయి. తల దించాడు, నీళ్లూ దిగాయి. ఇన్నేళ్లలో సముద్రం అతని తలతో పాటు ఊగడం అదే మొదటిసారి. ఎడమ కన్ను మూశాడు, నీళ్లున్నాయి. కుడి కన్ను మూశాడు, నీళ్లు పోయాయి. అలా పది నిమిషాలు తల ఊపుతూ, కళ్లు మార్చి మార్చి మూస్తూ నిలబడ్డాడు. కట్ట మీద గొర్రెలు మేత మానేసి అతన్ని చూశాయి. చివరికి తల బాగా కిందికి వంచి కొలత చదివి, ఏడింటికల్లా ఫోన్లో చెప్పి, ఇంటికెళ్లాడు.

కుడి కంట్లో నీళ్లెక్కుతున్నాయని పెళ్లానికి చెప్పాడు. బోదిల్‌కి అతని కోతలు ఈ నాటివి కావు గదా, చేపలేమైనా పడ్డాయా అని అడిగింది. ఇంకా లేదన్నాడు ఈవర్, నిజంగానే వెతికి చూసినట్టు. కాఫీ పోసుకుంటూ కప్పు పక్కన గుడ్డ మీద ధారగా పోశాడు చూడండి, అప్పుడు ఆమె మాట్లాడకుండా కారు తాళం తీసుకుంది.

అక్కడ ఆసుపత్రికి ఊరికే వెళ్లి తలుపు తట్టడం కుదరదు, ముందు ఫోన్ చెయ్యాలి. ఫోన్లో అమ్మాయి నొప్పి ఉందా అంది, లేదన్నాడు. రక్తం వస్తోందా, దెబ్బ తగిలిందా అంది, లేదన్నాడు. సరే, ఎమర్జెన్సీకి వచ్చి కూర్చోమంది. నలభై నిమిషాల దారి. దారి పొడుగునా ఈవర్ గాలిమరలు చూసుకుంటూ వచ్చాడు. ఒక్కదానికీ కాళ్లు లేవు, గాల్లో నిలబడి తిరుగుతున్నాయి. ఇది మాత్రం కాఫీ బల్ల దగ్గర ఎవరూ నమ్మరు, నిజమే అయినా నమ్మరు, అనుకున్నాడు దిగులుగా.

ఎమర్జెన్సీలో ముందుగా చూసింది హెన్రియెట్ అనే నర్సు. కోపెన్‌హాగెన్ పిల్ల, ఈ ఒడ్డు వాణ్ణి చేసుకుని ఏడాదైంది ఇటొచ్చి. మంచి మనసు. ఈవర్ చలి చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని మరీ అడిగింది, సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే నొప్పి ఎంతుందని.

ఈవర్‌కి ఆ లెక్క నచ్చింది. పదంటే ఎంత అని అడిగాడు. మీరు ఊహించగలిగినంత నొప్పి అంది. అయితే ఆ పది తన బాబాయి థూగె సొత్తు అనుకున్నాడు. తూము తలుపు కాలి మీద పడితే, కాస్త ఇరుగ్గా ఉందన్నాడాయన. ఆయన పది ఆయనకి వదిలేసి, ఈవర్ తన ఒంట్లో అంతా వెతుక్కుని, సున్నా అన్నాడు. చూపు ఎలా ఉందంటే, కొంచెం తక్కువన్నాడు. కింది నుంచి నీళ్లు ఎక్కుతున్నట్టుందని కూడా చెప్పాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఆ పిల్ల అంత శ్రద్ధగా వింటుంటే నాలిక ఆగలేదు. మా ఆవిడ చేపలు తెమ్మంటోంది, వల తెచ్చుకోలేదు అన్నాడు.

హెన్రియెట్ పకపకా నవ్వింది. నర్సుని నవ్వించిన రోగి వరసలో చివరికి పోతాడు. అది ఏ దేశంలోనైనా అంతే. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ అని నాలుగు రంగుల పట్టీలుంటాయి అక్కడ. ఎరుపంటే ఇప్పుడే, ఆకుపచ్చంటే ఎప్పుడో. ఈవర్ మణికట్టుకి ఆకుపచ్చ పట్టీ కట్టింది.

కట్టి ఊరుకోలేదు. అందరికంటే మంచి కుర్చీ చూసి కూర్చోబెట్టింది. వాలిపోతే మెడ నొప్పి పుడుతుందని నడుము వెనక దిండు పెట్టి, నిటారుగా కూర్చోమంది. కాఫీ తెచ్చింది, నల్ల రొట్టె మీద చీజ్ ముక్క పెట్టి తెచ్చింది. ఇంట్లో నాకెప్పుడూ దిండు పెట్టలేదు అన్నాడు ఈవర్ బోదిల్‌తో. నువ్వు ఆమెని పెళ్లి చేసుకోలేదు గనక పెట్టింది అని బోదిల్ ఊలు తీసి అల్లుకోవడం మొదలెట్టింది.

ఎదురు గోడ మీద పైన గడియారం ఉంది. దాని కింద, చేతులు కడుక్కోమని చెప్పే పోస్టరు. దాని కింద మంచినీళ్ల యంత్రం, దాని ముందు కుర్చీల వరస, గోడ అడుగున హీటరు. ఈవర్ ఎడమ కన్ను అరచేత్తో మూసి, కుడి కంటితో గడియారాన్నే చూస్తూ, నీళ్లు ఎక్కడున్నాయో కనిపెట్టాడు. అచ్చంగా నీళ్లు కావు. నల్లటి మందపాటి తెర, అంచు కాస్త అలలు అలలుగా కదులుతోంది. ఆటు తీసినప్పుడు రాతికి అంటుకున్న నాచు ఊగినట్టు. వరస నంబరు వేసిచ్చిన చీటీ వెనక్కి తిప్పి రాసుకున్నాడు: 9:20, హీటరు.

ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు. నీళ్లెక్కుతుంటే మనిషి చెయ్యగలిగింది ముందు కొలవడమే. కొలవకుండా అరిచేవాణ్ణి కట్ట మీద ఎవరూ లెక్కచెయ్యరు.

9:50, కుర్చీల కాళ్లు. ఈలోగా బొటనవేలికి మేకు దిగిన వడ్రంగిని లోపలికి పిలిచారు. 10:25, కుర్చీల సీట్లు. ఒక ముసలామెని చక్రాల కుర్చీలో తోసుకెళ్లారు. ఆమె పట్టీ పసుపు. హెన్రియెట్ అటుగా వచ్చి దిండు సరిచేసి, ఈవర్ కాస్త కిందికి జారితే మళ్లీ నిటారుగా కూర్చోబెట్టి వెళ్లింది. 10:50, నీళ్ల యంత్రం కొళాయి. ఈవర్‌కి విచిత్రంగా తోచింది ఒకటే: సముద్రం ఆరు గంటలు ఎక్కాక అలిసిపోయి వెనక్కి పోతుంది, ఈ నీళ్లకి ఆ మర్యాద లేదు. ఎక్కడమే. పైగా జోరు పెరుగుతోంది. 11:15, యంత్రం నెత్తి. 11:30, పోస్టరులో సబ్బు పట్టుకున్న చెయ్యి.

అప్పుడు లెక్క వేశాడు. పోస్టరు దాటితే గడియారం. గడియారం అంటే తను సూటిగా చూసే చోటు. అది మునిగితే కొలకర్ర మునిగినట్టే. అంకెలుండవు, పేపరుండదు, ఎదురుగా ఊలు అల్లుకుంటున్న బోదిల్ మొహం ఉండదు. మిగిలేది మనిషి వస్తున్నాడని మాత్రం చెప్పే ఎడమ కన్ను. ఇంటి గడప దాకా నీళ్లొచ్చాయన్నమాట. ఇంతసేపూ కుతూహలం కడుపు నింపిందేమో, భయానికి చోటు దొరకలేదు. ఇప్పుడు దొరికింది.

లేచి, మెల్లిగా నడిచి హెన్రియెట్ బల్ల దగ్గరికెళ్లాడు.

"ఎలా ఉంది ఈవర్?" అంది ఆమె.

ఈవర్ అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "అంత బాగోలేదు."

"కాసేపట్లో పిలుస్తారులెండి," అని ఆమె అతని చెయ్యి ఆప్యాయంగా నిమిరింది. "ఇంకో కాఫీ తేనా?"

వెనక బోదిల్ ఒళ్లోంచి ఊలు ఉండ జారి, నేల మీద దొర్లుకుంటూ తలుపు దాకా పోయింది. నలభై నాలుగేళ్లలో ఆ మాట మొగుడి నోట రెండుసార్లు విన్నది. ఒకసారి కట్ట తెగిన ఏడు. ఒకసారి వాళ్లమ్మ పోయిన రోజు. ఊలు దారం కాళ్లకి చుట్టుకుంటున్నా చూసుకోకుండా బల్ల దగ్గరికొచ్చింది.

"వినలేదా అమ్మాయ్? అంత బాగోలేదంటున్నాడు."

"విన్నానండీ."

"విన్నదానివైతే ఇంకా కూర్చునే ఉన్నావేం?"

హెన్రియెట్‌కి నిజంగానే అర్థం కాలేదు. ఆమె పెరిగిన చోట ప్రాణం మీదికొస్తే జనం అరుస్తారు, కన్నీళ్లు పెట్టుకుంటారు, కనీసం బల్ల మీద చేత్తో కొడతారు. ఈ ఇద్దరూ వాన పడేలా ఉందన్నంత మెల్లిగా చెబుతున్నారు. బోదిల్‌కి అంతకంటే పెద్ద మాట తెలియదు. ఉన్నవాటిలో పెద్దది వాడేశారు. ఇంక ఈవర్ చెయ్యగలిగింది ఒకటే. చీటీ తిప్పి బల్ల మీద పెట్టాడు.

అటుగా పోతున్న డాక్టరు కన్ను చీటీ మీద పడింది. యూల్ అని, ముప్పై ఏళ్లుంటాయేమో. పొద్దుటి నుంచి మూడుసార్లు అటూ ఇటూ పోయింది గానీ ఎవరివంకా చూడలేదు, ఎవరితోనూ నవ్వలేదు. చేపలకంటే చల్లగా ఉంది అని అంతకుముందే బోదిల్‌తో అన్నాడు ఈవర్. ఆమె నడక ఆపి చీటీ చేతిలోకి తీసుకుంది.

"ఎవరు రాశారిది?"

"నేనే."

"హీటరు, కుర్చీలు... ఏమిటివి?"

"నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అది."

"ఏ కన్ను?"

"కుడి."

"ఎడమది మూసి టైమెంతో చెప్పండి."

ఈవర్ గడియారం చూశాడు. "పదకొండూ ముప్పై ఏడు. సెకన్ల ముల్లు కూడా కనబడుతోంది."

"పడుకోండి."

"ఎక్కడ?"

"ఇక్కడే. నేల మీద. వెల్లకిలా. దిండు వద్దు. మాట్లాడకండి, తల కదపకండి."

అలా ఈవర్ రౌన్ ఎమర్జెన్సీ నడిమధ్యన నేల మీద పడుకున్నాడు. జనం కాళ్లు వెనక్కి లాక్కున్నారు. డాక్టరు యూల్ పేరు పేరునా మందలించుకుంటూ పోయింది. ఎవరు కూర్చోబెట్టారు, ఎవరు దిండు పెట్టారు, ఆపరేషన్ పడేవాడికి రొట్టె ఎవరు తినిపించారు. హెన్రియెట్ మొహం పాలిపోయింది. ఈవర్‌కి అడగాల్సినవి వంద ప్రశ్నలున్నాయి, నోరు కదపకూడదు. ఆ రోజంతటిలో నిజంగా నొప్పంటే అదే. ఇప్పుడు అడిగి ఉంటే సున్నాకి బదులు ఎనిమిది చెప్పేవాడు.

స్ట్రెచర్ వచ్చింది. చీకటి గదిలోకి తీసుకెళ్లి డాక్టరు యూల్ కంట్లో మందు వేసి, దీపంతో చాలాసేపు చూసింది. తర్వాత సిటీలో కంటి ఆసుపత్రికి ఫోన్ చేసి, మూడు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. బోదిల్‌కి చెప్పింది కూడా అంత పొట్టిగానే. కంటి వెనక గోడకి అతుక్కుని ఒక పొర ఉంటుంది, బొమ్మ పడేది దాని మీదే. అది పైనుంచి ఊడి కిందికి జారుతోంది. నడిమధ్య ఇంకా ఊడలేదు. ఊడకముందే అతికిస్తే చూపుంటుంది, ఊడాక అతికిస్తే ఉన్నా లేనట్టే. కూర్చున్నంతసేపూ జారుతూనే ఉంటుంది, పడుకుంటే నెమ్మదిస్తుంది.

ఈవర్ ఇంక ఆగలేకపోయాడు. "నీళ్లు కింది నుంచి కదా ఎక్కుతున్నాయి, పైనుంచి ఊడడమేంటి?"

మాట్లాడొద్దన్నానా అంటుందనుకున్నాడు. డాక్టరు యూల్ అటూ ఇటూ చూసి, బల్ల మీద ఎవరో వదిలేసిన కాఫీ చెంచా తీసి, లోపలి గుంట అతనివైపు తిప్పి మొహం ముందు పట్టుకుంది. చెంచాలో చిన్న ఈవర్ తలకిందులుగా వేలాడుతున్నాడు.

"అచ్చంగా ఇలాగే కాదు గానీ, కంట్లో అన్నీ తలకిందులే. మీకు కింద కనబడేది అక్కడ పైన జరుగుతోంది," అంది.

ముప్పై ఎనిమిదేళ్లు కొలిచాడు, ఒక్కరోజూ ఇది తెలియలేదు. పొద్దుటి నుంచీ వరద అనుకున్నది వరద కాదు, ఇంటికప్పు కూలడం. ఈవర్ చెంచాలోకి అలాగే చూస్తుండిపోయాడు. డాక్టరు యూల్ ఆ చెంచా అతని చేతిలోనే వదిలేసి వెళ్లిపోయింది.

అంబులెన్స్ ఎక్కించేముందు హెన్రియెట్ పక్కనే వచ్చి నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి. నేనే మిమ్మల్ని నిటారుగా కూర్చోబెట్టాను అంది. ఈవర్ తల కదపకుండా కళ్లు మాత్రం తిప్పాడు.

"కాఫీ ఏమంత చెడ్డగా లేదు," అన్నాడు.

ఆమెకి ఆ మాట కూడా ఎలా తీసుకోవాలో తెలియలేదు. అంతకంటే పెద్ద పొగడ్త ఆ ఒడ్డు మీద లేదని బోదిల్ ఆమె చెవిలో చెప్పింది. అప్పుడు ఏడ్చింది పిల్ల.

సిటీలో ఆ సాయంత్రం ఆరింటికే ఆపరేషన్ చేశారు. నడిమధ్య ఊడకముందే అందుకున్నారు. పొరని నొక్కి పట్టడానికి కంట్లో గాలి బుడగ ఒకటి పెట్టి, వారం పాటు రాత్రి నిద్రపోయేటప్పుడు తప్ప నిటారుగా కూర్చోవాలి అన్నారు. బుడగ పైకి తేలి పైనే నొక్కాలి గదా, అందుకని. నిన్న కూర్చుంటే చేటు, ఇవాళ పడుకుంటే చేటు. ఈవర్‌కి ఆ లెక్క భలే నచ్చింది. కారణం ఎవరినీ అడగలేదు. చెంచా జేబులో ఉంది, తీసి చూసుకున్నాడు.

ఇంటికొచ్చాక మూడు వారాలు బోదిలే తూము దగ్గరికి వెళ్లి కొలత చూసి ఫోన్లో చెప్పింది. ఈవర్ కిటికీ పక్కన కూర్చుని తన కొలత తను రాసుకున్నాడు. మొదట్లో అంతా గాజు వెనక పాల రంగు. ఐదో రోజున పైన తేటపడి, మధ్యలో ఒక గీత వచ్చింది. తల ఎటు వంచినా గీత మాత్రం సముద్రంలాగే సమంగా, అడ్డంగా నిలిచేది. రోజు రోజుకీ కిందికి దిగింది. ఎనిమిదో రోజు, పక్కింటి కప్పు. పదకొండు, వాళ్ల తలుపు. పదిహేను, కంచె. చివరికి బుడగ బఠాణీ గింజంతై, చూపు అడుగున వణుకుతూ తిరిగి, పందొమ్మిదో రోజు పొద్దున కాఫీ తాగుతుండగా మాయమైంది. ఇన్నాళ్లకి ఆటు తీసింది అన్నాడు ఈవర్. చూపు అంచున కాస్త మసక మిగిలిపోయింది. దాని గురించి అడిగితే, ఏముంది, కింద కొంచెం బురదుంది అంటాడు.

ఆసుపత్రి నుంచి ఒక కాగితం వచ్చింది. మా సేవలు ఎలా ఉన్నాయి, ఒకటి నుంచి ఐదు దాకా గుర్తు పెట్టండి అని. ఎక్కువసేపు ఎదురుచూశారా, సిబ్బంది ఆదరంగా ఉన్నారా, విషయం అర్థమయ్యేలా చెప్పారా. ఈవర్ రెండు రోజులు ఆలోచించాడు. ఆదరంగా ఉన్నావిడ కన్ను పోగొట్టబోయింది, ఆదరంగా లేనావిడ నిలబెట్టింది. ఆ రెంటికీ ఒకే గడి ఇచ్చారు. అంకెలు పెట్టలేక అన్నీ ఖాళీగా వదిలేసి, అడుగున మిగిలిన చోట రాశాడు: "దిండు మంచిదే. ఒక్కరోజు తొందరపడి పెట్టారు. డాక్టరు గారి చెంచా నా దగ్గరుంది, కావాలంటే పంపిస్తాను."

చెంచా కోసం ఎవరూ రాయలేదు.

కాగితం పంపిన మర్నాడు ఏడింటికి ముందు ఈవర్ తూము దగ్గరికి వెళ్లాడు. నీళ్లు తల ఎత్తితే ఎత్తలేదు, దించితే దిగలేదు. బుద్ధిగా ఉన్నచోటే ఉన్నాయి. ఎడమ కన్ను అరచేత్తో మూసి కొలకర్ర చూశాడు.

"ఎనభై మూడు," అన్నాడు.

వెనక బోదిల్ మెడ చాచి చూసింది. మూడు వారాల అనుభవం ఆమెది. "ఎనభై నాలుగు."

"మూడు."

"నాలుగు. కన్ను కుట్టించుకొచ్చింది నువ్వు, నేను కాదు."

ఈవర్ తల వెనక్కి వంచి, ముందుకి వంచి, ఇంకోసారి చూశాడు. గొర్రెలు మేత మానేసి చూస్తున్నాయి. ఫోన్ తీసి ఆఫీసుకి కలిపి, అవతల ఎత్తగానే, ఎనభై మూడు అని చెప్పాడు. కాసేపాగి, బోదిల్‌కి వినబడకుండా చెయ్యి అడ్డం పెట్టి, యంత్రం ఎంత చూపిస్తోందని అడిగాడు.

అవతలి వాడు ఎనభై మూడూ అర అన్నాడట. ఆ ఒక్క మాట మాత్రం ఈవర్ ఇంతవరకూ ఇంట్లో చెప్పలేదు.